ఒక్క టర్న్‌లో 100 డ్యామేజ్: నేను కట్టిన రెండు పాత్రల కేస్ స్టడీ

మా డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో (పాచికలు వేస్తూ పాత్రలుగా ఆడే కథల ఆట) గేమ్ మాస్టర్, అంటే కథ నడిపేవాడు, ఒక మంత్రగాడి కోసం మూడు నెలలు రంగం సిద్ధం చేశాడు. ఊళ్లు తగలబెట్టించింది వాడే, మా జట్టులోని బార్బేరియన్ యోధుడి అన్నను రాయిగా మార్చింది వాడే. చివరికి మేం వాడి గది తలుపు తోసే రోజున వాడు మాట్లాడాల్సిన డైలాగు ఒక పేజీ నిండా రాసుకొచ్చాడు. అందులో రెండు వాక్యాలు చదివాడు. ఎవరు ముందు ఆడాలో తేల్చే ఇనిషియేటివ్ పాచిక వేశాం, నాది ముందొచ్చింది. నా టర్న్ అయ్యేసరికి మంత్రగాడు లేడు. మా వాడు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి స్క్రీన్ వెనకాల పెట్టుకున్నాడు. బల్ల చుట్టూ ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆ దెబ్బ కొట్టిన పాత్ర గురించీ, తర్వాత దాని బదులు నేను కట్టిన ఇంకో పాత్ర గురించీ ఇక్కడ రాస్తున్నాను. డంజన్స్ అండ్ డ్రాగన్స్ పాత్రలు కట్టడం నాకు చాలాకాలంగా ఉన్న పిచ్చి. నాకోసం కట్టుకున్నవి కొన్నే, "నాకూ ఒకటి కట్టిపెట్టు" అని అడిగినవాళ్లకు కట్టినవి చాలా. అలా కట్టినవాటిలో ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాల్సినవి. లెక్కేస్తే రెండోది మొదటిదానికన్నా బలమైంది. కానీ "ఇది ఓవర్‌పవర్డ్, ఇది ఆడనివ్వకూడదు" అని తిట్లు తిన్నది మొదటిది మాత్రమే.

అంకెలన్నీ 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ రూల్స్‌వి. 2024 సవరణలో ఇందులో చాలా మారాయి. ఆ సంగతి మధ్యలో చెబుతాను.

కాగితం మీద పులులు

ఓవర్‌పవర్డ్ అనగానే కొత్తవాళ్లు ముందు పన్-పన్ గురించి అడుగుతారు. మూడున్నరో ఎడిషన్ రోజుల్లో పుట్టిన కోబోల్డ్ అది. సర్రుఖ్ అనే పాములాంటి జాతికి వేరే సరీసృపాల రూపాన్నీ శక్తుల్నీ మార్చే సామర్థ్యం ఉండేది. దాన్ని ఒక కోబోల్డ్ చేజిక్కించుకుంటే తన స్కోర్లు అంతూపొంతూ లేకుండా పెంచుకోవచ్చని రూల్స్ చదివి నిరూపించారు. దాన్ని ఎవరూ ఆడరు, ఆడటానికి కట్టలేదు కూడా. రూల్స్‌లో చిల్లు ఎక్కడుందో చూపించే లెక్క అది, అంతే.

ఐదో ఎడిషన్‌లో అలాంటిదే కాఫీలాక్. మంత్రం వేయడానికి ఖర్చయ్యే స్పెల్ స్లాట్లు వార్‌లాక్ తరగతి పాత్రకు చిన్న విశ్రాంతితోనే తిరిగొస్తాయి. అదే పాత్ర సోర్సరర్ తరగతి కూడా తీసుకుంటే వాటిని పాయింట్లుగా మార్చి, ఆ పాయింట్లతో మళ్లీ కొత్త స్లాట్లు చేసుకోగలడు. అలా చేసిన స్లాట్లు పెద్ద విశ్రాంతి తీసుకుంటే పోతాయి. కాబట్టి పడుకోకుండా ఉంటే స్లాట్లు కుప్పలుగా పేరుకుంటాయి. నిద్రపోడు కాబట్టి కాఫీ తాగుతాడని ఆ పేరు. 2017లో వచ్చిన జానథార్స్ గైడ్‌లో నిద్ర మానేస్తే కాన్‌స్టిట్యూషన్ (దేహబలం) సేవ్, అంటే తట్టుకునే పాచిక, వేయాలి, ఓడితే నీరసం వస్తుందని ఒక ఐచ్ఛిక నియమం పెట్టారు. ఆ పాచిక చేరాల్సిన అంకె, అంటే డీసీ, 10తో మొదలై, నిద్రలేని ప్రతి రోజుకూ 5 చొప్పున పెరుగుతుంది.

ఇలాంటివి నేను కట్టను. నీతి కోసం కాదు. గేమ్ మాస్టర్ ఒక్క ముక్కలో "కుదరదు" అంటే కూలిపోయే బిల్డ్ మీద నెలల తరబడి ఎందుకు కష్టపడాలి? రూల్ వివాదం ఒక్కటి కూడా లేకుండా, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు వాడుకుంటూ వచ్చే బలం కావాలి నాకు. మొదటి పాత్ర సరిగ్గా అలాంటిదే.

క్రాస్‌బో

జాతి వేరియంట్ హ్యూమన్, తరగతి ఫైటర్ (యోధుడు). మానవుడెందుకంటే మొదటి లెవెల్‌లోనే ఒక ఫీట్ (ప్రత్యేక నైపుణ్యం) వస్తుంది. దాంతో క్రాస్‌బో ఎక్స్‌పర్ట్ తీసుకున్నాను. 27 పాయింట్లతో స్కోర్లు కొని, జాతి బోనస్ కలిపాక డెక్స్‌టెరిటీ (చురుకుదనం) 16, కాన్‌స్టిట్యూషన్ 16, విజ్‌డమ్ 14. మిగతావన్నీ పాతాళంలో. ఫైటింగ్ స్టైల్ ఆర్చరీ, అంటే వేసే ప్రతి బాణం అటాక్ రోల్‌కు (తగిలిందో లేదో తేల్చే 20 ముఖాల పాచిక) +2. మూడో లెవెల్‌లో బ్యాటిల్ మాస్టర్ అనే ఫైటర్ శాఖ, నాలుగో లెవెల్‌లో షార్ప్‌షూటర్ ఫీట్.

క్రాస్‌బో ఎక్స్‌పర్ట్ చాలామంది తప్పుగా చదివే ఫీట్. చేతికొక చిన్న క్రాస్‌బో పట్టుకుని రెండూ పేల్చాలనుకుంటారు. అలా కుదరదు, బాణం ఎక్కించడానికి ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి. అసలు రెండోది అక్కర్లేదు కూడా. చేతి క్రాస్‌బోతో అటాక్ యాక్షన్ తీసుకుంటే, బోనస్ యాక్షన్‌తో (టర్న్‌లో అదనంగా దక్కే చిన్న పని) అదే క్రాస్‌బో ఇంకోసారి పేల్చొచ్చు. ఐదో లెవెల్‌లో ఎక్స్‌ట్రా అటాక్ వచ్చాక టర్న్‌కు మూడు బాణాలు.

షార్ప్‌షూటర్ సంగతి అందరికీ తెలిసిందే: అటాక్ రోల్‌లో 5 తగ్గించుకుంటే డ్యామేజ్‌లో 10 కలుస్తుంది. ఐదో లెవెల్‌లో నా అటాక్ బోనస్ +8. ఏసీ (తగలాలంటే అటాక్ రోల్ చేరాల్సిన అంకె) 15 ఉన్న ట్రోల్ అనే రాక్షసుడి మీద మామూలుగా వేస్తే 7 పడితే చాలు, అంటే 70 శాతం. ఒక్కో దెబ్బ సగటున 6.5. మూడు బాణాలకు టర్న్‌కు 13.65. మైనస్ 5 తీసుకుంటే 12 పడాలి, 45 శాతం. కానీ దెబ్బ 16.5 అవుతుంది, టర్న్‌కు 22.3. చేతి క్రాస్‌బో డ్యామేజ్ మరీ తక్కువ కావడం ఇక్కడ మనకు లాభం. 6.5 ఉన్నచోట 10 కలుస్తోంది మరి! ఆ లెవెల్‌లో ఎదుటివాడి ఏసీ 20 దాటేవరకు మైనస్ 5 తీసుకోవడమే మేలని లెక్క తేలింది. ఏసీ 20 దాటినవాళ్లు ఆ లెవెల్‌లో ఎంతమంది తగులుతారు?

బ్యాటిల్ మాస్టర్‌కు చిన్న విశ్రాంతికి నాలుగు డీ8 (ఎనిమిది ముఖాల) పాచికలుంటాయి. ప్రెసిషన్ అటాక్ అంటే ఆ పాచికను అటాక్ రోల్‌కు కలపడం. రోల్ వేసి, చూసి, తర్వాత కలపొచ్చు. ఏసీ ఎంతో రెండు రౌండ్లలో అంచనాకు వచ్చేస్తుంది కాబట్టి, 4 లోపు తేడాతో తప్పినవాటి మీదే వాడేవాణ్ణి. సరిగ్గా 4 తేడా ఉన్నా తగిలే అవకాశం 62.5 శాతం. తగిలితే ఒక పాచికకు దక్కేది 16.5 డ్యామేజ్. ఆ లెవెల్‌లో ఇంతకన్నా మంచి బేరం నాకు ఎక్కడా కనబడలేదు.

అదే టర్న్‌లో మా జట్టులోని రోగ్ (చాటుగా దెబ్బతీసే పాత్ర) ఏం చేస్తోంది? డెక్స్‌టెరిటీ 18, అటాక్ +7, స్నీక్ అటాక్ (చాటుదెబ్బ) 3డీ6, అంటే ఆరు ముఖాల పాచికలు మూడు. ఏసీ 15 మీద 65 శాతం, తగిలితే 18, సగటు 11.7. నాదాంట్లో దాదాపు సగం. పైగా ఆమె దాక్కోవాలి, లేదా శత్రువు పక్కన మనవాడు ఒకడు ఉండాలి. నేను నిలబడినచోటు నుంచి కదలక్కర్లేదు.

మా వాడి తిప్పలు

గేమ్ మాస్టర్ ఊరుకోలేదు. ఊరుకోకూడదు కూడా. కానీ అతను వేసిన ప్రతి ఎత్తుకూ ఫీట్‌లో ముందే ఒక వాక్యం రాసి ఉంది. అది చూస్తుంటే నాకే జాలేసింది.

మొదట గోబ్లిన్ విలుకాళ్లను రాళ్ల చాటున పెట్టాడు. షార్ప్‌షూటర్‌కు సగం చాటు, ముప్పావు చాటు లెక్కలోకి రావు. తర్వాత వారం శత్రువుల్ని లోయకు అవతల నిలబెట్టాడు. ఫీట్ ఉంటే దూరం వల్ల వచ్చే డిసడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి చిన్నది తీసుకోవడం) కూడా లేదు. సరే, మీద పడేద్దామని తోడేళ్లను నేరుగా నా మీదకే తోలాడు. పక్కనే శత్రువు ఉన్నా డిసడ్వాంటేజ్ లేకుండా బాణం వేయడం క్రాస్‌బో ఎక్స్‌పర్ట్ మొదటినుంచీ ఇచ్చేదే. మూడు వారాలు, మూడు ఎత్తులు. నేను ప్రతిసారీ పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించాను. ఆ వేలు చూపించడంలో నాకు కొంచెం సరదా ఉండేదని ఇప్పుడు ఒప్పుకోక తప్పదు.

ఏడో లెవెల్‌కు వచ్చేసరికి అతను ఏసీ పెంచాడు. ప్లేట్ కవచాలు, డాళ్లు, ఏసీ 20. గేమ్ మాస్టర్‌లు తరచూ చేసే తప్పు ఇదే. అప్పటికి నా డెక్స్‌టెరిటీ 18, చేతిలో +1 క్రాస్‌బో. ఏసీ 20 మీద షార్ప్‌షూటర్‌తో నాకు 30 శాతం, తగిలితే 18.5, మూడు బాణాలకు 16.65. రోగ్‌కు 40 శాతం, తగిలితే 21.5, సగటు 8.6. నిష్పత్తి ఎక్కడిదక్కడే ఉంది. ఆమెకు నాకన్నా పది శాతం ఎక్కువే కదా అనిపిస్తుంది. కానీ ఆమెకు టర్న్‌కు ఒక్కటే దెబ్బ. ఐదు టర్న్‌లలో మూడు ఉత్తవే. నాకు మూడు బాణాల్లో కనీసం ఒకటి తగిలే అవకాశం 66 శాతం. నన్ను ఆపడానికి కట్టిన గోడ ఆమెకు అడ్డమొచ్చింది. ఆమె ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టింది ఆ నెలలోనే.

ఇంకో కారణం మా ఆట తీరు. 2014 డంజన్ మాస్టర్స్ గైడ్ ప్రకారం ఒక రోజులో ఆరు నుంచి ఎనిమిది మధ్యస్థ లేదా కష్టమైన పోరాటాలు పార్టీ తట్టుకోగలగాలి. మధ్యలో రెండు చిన్న విశ్రాంతులు. మేం ఆడేది వారానికి మూడు గంటలు. ఒక సెషన్‌కు ఒక పెద్ద ఫైట్, అది కాగానే గుడారం వేసి నిద్ర. యాక్షన్ సర్జ్ (ఒకే టర్న్‌లో ఇంకో యాక్షన్), నాలుగు ప్రెసిషన్ పాచికలు, అన్నీ ఒక్క ఫైట్‌లో, అందులోనూ మొదటి రౌండ్‌లో దులిపేసేవాణ్ణి. విశ్రాంతి లేకుండా వరసగా మూడు ఫైట్లు పెట్టి ఉంటే ఈ పాత్ర సగం మామూలుగా కనిపించేది. "నా బిల్డ్ మరీ ఎక్కువైందా?" అని నన్నెవరైనా అడిగితే నేను ముందు చూసేది షీట్ కాదు. రోజుకు ఎన్ని ఫైట్లు ఆడతారో అడుగుతాను.

ఆ ఆరు బాణాలు

తొమ్మిదో లెవెల్‌కు నావి ఫైటర్ తరగతిలో 6 లెవెళ్లు, రేంజర్ తరగతిలో 3. రేంజర్ ఎందుకంటే గ్లూమ్ స్టాకర్ అనే దాని శాఖ కోసం. ఇనిషియేటివ్‌కు విజ్‌డమ్ కలుస్తుంది, ఫైట్ మొదటి టర్న్‌లో ఒక అటాక్ అదనం, అది తగిలితే ఇంకో డీ8. యాక్షన్ సర్జ్‌తో రెండో అటాక్ యాక్షన్ తీసుకుంటే ఆ అదనపు అటాక్ మళ్లీ వస్తుందా అని వాదించేవాళ్లున్నారు. మా బల్ల మీద ఒక్కసారే అని నేనే ముందు చెప్పేశాను. అయినా మొదటి టర్న్‌కు ఆరు బాణాలు.

మంత్రగాడికి గేమ్ మాస్టర్ వాడింది పుస్తకంలోని ఆర్చ్‌మేజ్ (మహా మాంత్రికుడు) స్టాట్ బ్లాక్, అంటే అంకెల పట్టిక. 99 హిట్ పాయింట్లు (ప్రాణబలం), మేజ్ ఆర్మర్ మంత్రంతో ఏసీ 15. మామూలు ఆయుధాల దెబ్బను సగం చేసే స్టోన్‌స్కిన్ కూడా వేయించి ఉంచాడు కానీ నా క్రాస్‌బో మాయా ఆయుధం, దానికి అది అడ్డు రాదు. మంత్రాల మీద రెసిస్టెన్స్, ఎదుటివాడి మంత్రాన్ని ఆపే కౌంటర్‌స్పెల్, అన్నీ ఉన్నాయి. బాణానికి కౌంటర్‌స్పెల్ లేదు.

తలుపు బయటే మా విజార్డ్ నా మీద గ్రేటర్ ఇన్‌విజిబిలిటీ వేసింది. దాని గడువు ఒక నిమిషం. మా వాడు డైలాగు పేజీ మొత్తం చదివి ఉంటే అది కాస్తా అయిపోయేదే! కనబడని వాణ్ణి కాబట్టి ప్రతి బాణానికీ అడ్వాంటేజ్, అంటే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం. షార్ప్‌షూటర్‌తో నా బోనస్ +6, 9 పడాలి, అడ్వాంటేజ్‌తో 84 శాతం. ఆరు బాణాలు, ఒక్కోటి 18.5, డీ8, క్రిట్లు (20 పడితే డ్యామేజ్ పాచికలు రెట్టింపు) అన్నీ కలిపితే సగటు 99.5. వాడి హిట్ పాయింట్లు 99. ఇది నేను ఇంటికొచ్చాక వేసిన లెక్క. వేశాక కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆ రోజు నాకు అదృష్టం కలిసొచ్చిందనుకున్నాను. అదృష్టం కాదు, సరిగ్గా సగటే జరిగింది.

మొదటి బాణం తగిలింది, పాచిక మీద 4, మొత్తం 19. రెండోది 17. గ్లూమ్ స్టాకర్ బాణం 6 మీద 15, పైన డీ8లో 5, కలిపి 26. ఇక్కడికి 62. యాక్షన్ సర్జ్. నాలుగోది 18, మొత్తం 80. ఐదోదానికి రెండు పాచికల్లో పెద్దది 7. ఏడూ ఆరూ 13, తప్పింది. ప్రెసిషన్ పాచిక తీశాను, 3 పడింది. 16, తగిలింది. డ్యామేజ్ 20. సరిగ్గా 100. బోనస్ యాక్షన్ బాణం చేతిలోనే మిగిలిపోయింది.

ఈ తతంగం అంతా ఐదారు నిమిషాలు పట్టింది. ఆ ఐదారు నిమిషాలు మిగతా ముగ్గురూ నేను కూడికలు చేయడం చూశారు. విజార్డ్ ఆడే ఆమె ఆ రాత్రి మొత్తం మీద చేసిన పని నాకు మంత్రం వేయడమే. అన్నకోసం పగ తీర్చుకోవాల్సిన బార్బేరియన్ కనీసం గదిలోకి అడుగు పెట్టలేదు.

బయటికి వెళ్తున్నప్పుడు గేమ్ మాస్టర్ నన్ను పక్కకు పిలిచాడు. "నేను నీ మీద కోప్పడట్లేదు" అన్నాడు. అలా అన్నాడంటేనే కోపమున్నట్టు. "నువ్వు రూల్ తప్పలేదు. కానీ వచ్చేవారం నేనేం తయారు చేసుకురావాలో చెప్పు. ఏది తెచ్చినా నీ మొదటి టర్న్‌కు సరిపోవట్లేదు. నీకు సరిపోయేది తెస్తే వాళ్లు ముగ్గురూ చస్తారు."

దానికి నా దగ్గర జవాబు లేదు. షార్ప్‌షూటర్ వదిలేస్తానన్నాను, అతనే వద్దన్నాడు. సగం కోసిన పాత్రను ఆడటం నీకే బోరు కొడుతుందని అన్నాడు, అది నిజమే. క్రాస్‌బో వాడు ఊళ్లో ఒక కోటకు కాపలాదారుగా స్థిరపడ్డాడు. నేను కొత్త పాత్ర కట్టుకుంటానన్నాను. 2024 రూల్స్‌లో ఆ మైనస్ 5, ప్లస్ 10 బేరం మొత్తంగా తీసేశారు. అది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు.

రెండోది

కొత్త పాత్ర బలహీనంగా ఉండాలని నేను అనుకోలేదు. అది దొంగ వినయం అవుతుంది, బల్ల దగ్గర ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది. ఈసారీ అంతే గట్టిగా కట్టాలి, కానీ ఆ బలం నా పాచికల మీద కనబడకూడదు. పందెం అదీ.

జాతి హాఫ్-ఎల్ఫ్, పాలడిన్ (మంత్రాలూ తెలిసిన యోధుడు) 8 లెవెళ్లు, హెక్స్‌బ్లేడ్ శాఖ వార్‌లాక్ 1. ఈ జోడీ పేరు వినగానే మా రోగ్ మొహం మాడిపోయింది. స్మైట్ (స్లాట్ ఖర్చుపెట్టి కొట్టే అదనపు దెబ్బ) మీద స్మైట్ వేసే బిల్డ్ అని దానికి పేరు మరి. హెక్స్‌బ్లేడ్ ఒక్క లెవెల్ తీసుకుంటే ఆయుధం కూడా కరిజ్మా (ఆకర్షణ శక్తి) స్కోరు మీదే నడుస్తుంది. పాలడిన్ మంత్రాలు కరిజ్మా, ఆరా కరిజ్మా, ఇప్పుడు కత్తి కూడా కరిజ్మా. ఒకే స్కోరు మీద ఎన్ని పనులు నడిస్తే పాత్ర అంత గట్టిపడుతుంది. బిల్డ్ కట్టడంలో నాకు తెలిసిన రహస్యాల్లో సగం ఇదే. మల్టీక్లాస్ కోసం, అంటే రెండు తరగతులు కలపడానికి, స్ట్రెంగ్త్ 13 ఉంచి, మిగతా అంతా కరిజ్మాలో పోశాను. 17తో మొదలు, ఫే టచ్డ్ ఫీట్‌తో 18, ఎనిమిదో పాలడిన్ లెవెల్‌లో 20.

ఆరా అంటే ఇదీ: ఆరో లెవెల్ పాలడిన్ చుట్టూ 10 అడుగుల్లో ఉన్న మనవాళ్లందరికీ ప్రతి సేవింగ్ త్రోలో అతని కరిజ్మా మాడిఫయర్ కలుస్తుంది. ఇక్కడ +5. ఐదో ఎడిషన్‌లో అంకెలు పెద్దగా పెరగకుండా పట్టి ఉంచారు, కాబట్టి +5 అంటే మామూలు విషయం కాదు. పార్టీ మొత్తానికి, ఏ యాక్షనూ ఖర్చు పెట్టకుండా, నేను స్పృహలో ఉన్నంతసేపూ. పాలడిన్ శాఖలైన ప్రమాణాల్లో ఏన్షెంట్స్‌ది తీసుకున్నాను. ఏడో లెవెల్‌లో అదే 10 అడుగుల్లో మంత్రాల డ్యామేజ్ సగమవుతుంది. పైన రెండో లెవెల్ స్లాట్‌తో బ్లెస్ వేస్తే నలుగురికీ అటాక్‌లకు, సేవ్‌లకు డీ4.

లెక్క చూడండి. ఆర్చ్‌మేజ్ కోన్ ఆఫ్ కోల్డ్ వేస్తాడు. 8డీ8, సగటు 36, డీసీ 17 కాన్‌స్టిట్యూషన్ సేవ్. సేవ్ +2 ఉన్నవాడికి 15 పడాలి, 30 శాతం. సగటున 30.6 తగులుతుంది. ఆరాతో 10 పడితే చాలు. బ్లెస్ కలిస్తే 67.5 శాతం. ఏన్షెంట్స్ వల్ల మళ్లీ సగం. సగటు 11.9. మనిషికి 18.7 మిగిలింది, నలుగురికి 75. ఒకే ఒక్క శత్రువు టర్న్‌లో, అదీ నేను ముందు రౌండ్‌లో వేసి ఉంచిన ఒక్క మంత్రంతో. క్రాస్‌బో వాడి మొదటి టర్న్ 99 అయినా, అది ఫైట్‌కు ఒక్కసారే, యాక్షన్ సర్జ్ ఉంటేనే, ఇంకొకరు వాణ్ణి అదృశ్యం చేస్తేనే. ఇది ప్రతి టర్న్‌లోనూ నడుస్తుంది.

స్మైట్ విషయంలో నాకు నేనే ఒక షరతు పెట్టుకున్నాను, క్రిట్ పడితే తప్ప వాడను. ఇది త్యాగమేం కాదు. మొదటి లెవెల్ స్లాట్‌తో స్మైట్ అంటే 2డీ8, సగటు 9. అదే స్లాట్‌తో బ్లెస్ వేస్తే ముగ్గురి పాచికలకు ఫైట్ మొత్తం డీ4. ఇందులో ఏది ఎక్కువో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. స్మైట్ ఎక్కువగా కనబడుతుంది, అందుకే అందరూ అదే వాడతారు.

అదే స్టాట్ బ్లాక్, ఇంకోసారి

మా వాడికి మంత్రగాడి ముచ్చట తీరలేదు. పదో లెవెల్‌కు వచ్చాక, చచ్చినవాడి గురువును తెచ్చాడు. పేరు మార్చాడు, గడ్డం పెట్టాడు. కింద అంకెలు మాత్రం అవే అని తర్వాత చెప్పాడు: 99 హిట్ పాయింట్లు, ఏసీ 15. ఇంతకన్నా మంచి పోలిక నేను కావాలని ఏర్పాటు చేసినా కుదిరేది కాదు. ఈసారి ఆ కాగితం పేజీ మొత్తం చదివాడు.

మొదటి రౌండ్‌లో నేను బ్లెస్ వేశాను. అంతే నా పని. ఆయన కోన్ ఆఫ్ కోల్డ్ విసిరాడు, 38 పడింది. మా విజార్డ్ పాచిక మీద 11, తన బోనస్ 2, కలిపి 13. "పోయాను" అంది. "ఐదు కలుపు" అన్నాను. 18. ముప్పై ఎనిమిది కాస్తా తొమ్మిది అయింది. రోగ్, బార్బేరియన్ కూడా తట్టుకున్నారు. నలుగురిలో ఓడింది నేనొక్కణ్ణే. నా ఆరా నాకే పనికిరాలేదని బల్లంతా నవ్వింది.

రెండో రౌండ్‌లో బార్బేరియన్ మీద బానిష్‌మెంట్. అన్నకోసం వచ్చినవాణ్ణి వేరే లోకానికి పంపేస్తే ఫైట్ అక్కడే సగం అయిపోయినట్టు. కరిజ్మా సేవ్, డీసీ 17, బార్బేరియన్ కరిజ్మా బోనస్ మైనస్ 1. డీ20 మీద 12 పడింది. 11. ఐదు కలిపితే 16. ఒక్కటి తక్కువ. "డీ4 ఉంది కదా" అని ఎవరో గుర్తు చేశారు. ఆ డీ4ను అతను పది సెకన్లు అరచేతిలో పెట్టుకుని ఊపాడు. వేశాడు. ఒకటి పడింది. ఒకటి చాలు. బల్ల మీద నీళ్ల సీసా కింద పడేంత గోల. అందరూ వాడి వీపు మీద చరుస్తున్నారు, నా వైపు ఒక్కరూ చూడలేదు. ఆ 17లో ఆరు నావి, పదకొండు వాడివి. కానీ పాచిక వేసింది వాడు.

మూడో రౌండ్‌లో ముసలాయన మిస్టీ స్టెప్‌తో జారుకోబోయాడు. మా విజార్డ్ కౌంటర్‌స్పెల్ వేసి ఆపేసింది. నాలుగో రౌండ్‌లో రోగ్ చివరి దెబ్బ కొట్టింది. నా కత్తి మొత్తం మీద రెండుసార్లు తగిలింది. ఎవరి హిట్ పాయింట్లూ సున్నాకు రాలేదు, ఒక్క హీలింగ్ పోషన్ కూడా తాగలేదు.

గేమ్ మాస్టర్ పెన్ను నములుతూ అన్నాడు, "నలుగురిలో ఇద్దరైనా పడిపోతారనుకున్నాన్రా. మీరెలా బతికారో అర్థం కావట్లేదు." రోగ్ వెంటనే, "బాగా ఆడాం మరి" అంది. నేను నోరు మెదపలేదు. రెండు వారాల తర్వాత ఈ లెక్కలన్నీ చూపిస్తే మా వాడు కాసేపు చూసి, "ఇది ఆ క్రాస్‌బో కంటే దారుణం కదా" అన్నాడు. మార్చమని మాత్రం అడగలేదు.

లోటు లేదని కాదు. ఆరా 10 అడుగులే, గ్రిడ్ మీద రెండు గళ్లు. పాలడిన్ 18వ లెవెల్‌కు గానీ అది 30 కాదు. నలుగురం గుంపుగా నడుస్తుంటే గేమ్ మాస్టర్‌కు ఏరియా మంత్రాలు వేయడం భలే సులువు. ఈ మధ్య ఒకసారి వాల్ ఆఫ్ ఫోర్స్‌తో మమ్మల్ని రెండు ముక్కలు చేశాడు. అవతల చిక్కిన విజార్డ్ కింద పడింది, నేను గోడ ఇవతల నిలబడి చూస్తూ ఉండిపోయాను. ఎక్కడ చిల్లు ఉందో అతనికి ఇప్పుడు తెలుసు. దాన్ని వాడితే మిగతావాళ్లు చావనక్కర్లేదు కూడా, అందుకని నాకు అభ్యంతరం లేదు.

రోగ్‌కు మాత్రం ఇంకా ఒక ఫిర్యాదు ఉంది. దాక్కోవడానికి దూరం పోదామంటే ఆరా పోతుంది, ఆరాలో ఉందామంటే దాక్కోవడానికి చోటుండదు. "నన్ను బొంగరంలా నీ చుట్టూ తిప్పుకుంటున్నావ్" అని గొణుగుతూనే, నా బొమ్మ చుట్టూ రెండు గళ్ల దూరానికి సరిపోయేలా ఎర్ర దారంతో ఒక ఉచ్చు అల్లి తెచ్చింది. తన టర్న్ వచ్చినప్పుడల్లా దారం అంచు దాకా బొమ్మను జరిపి, "ఇక్కడిదాకే" అని వేలితో నొక్కి పెడుతుంది.